‘సర్వర్ డౌన్’ అంటే నిజంగా సర్వరే డౌనా?

“రేపటితో ఆకరు బాబూ. మూడు దినాలై తిరుగుతన్నాం. వొచ్చినప్పుడల్లా సర్వర్ నేదంటన్నారు.”

రాజాంలో ఒక నెట్ సెంటర్ గుమ్మం దగ్గర ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది. వంగర వైపు పల్లె నుంచి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంటర్ పూర్తయిన పిల్ల. ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టాలి, ఫీజు కట్టాలి. మూడు రోజుల ఆటో ఖర్చు, మూడు రోజుల కూలి అప్పటికే పోయాయి. ఇంకో రోజు దాటితే పిల్లకి ఏడాది పోతుంది.

నేను ఆ షాపుకి వెళ్లింది ప్రింటర్ చూడడానికి. ఈ చుట్టుపక్కల కంప్యూటర్లు బాగుచేయడమే చాలా ఏళ్లుగా నా పని. కౌంటర్ దగ్గర కుర్రాణ్ని అడిగితే, “సర్వర్ డౌన్ భాయ్, మూడ్రోజుల నుంచీ ఇంతే” అన్నాడు. అబద్ధం చెప్పడం లేదు, తను నిజంగా అలాగే అనుకుంటున్నాడు. చిక్కు అక్కడే ఉంది. మన ఊళ్లలో మీసేవ దగ్గరైనా, సచివాలయంలోనైనా, బ్యాంకులోనైనా, నెట్ సెంటర్లోనైనా కంప్యూటర్‌కి ఏ జబ్బు వచ్చినా పేరు ఒకటే పెట్టేశాం: సర్వర్ డౌన్. వైరు ఊడినా అదే, వైఫై పోయినా అదే, సైటు పేరు తప్పుగా టైపు చేసినా అదే. సర్వర్ ఎక్కడో ఉంటుంది కాబట్టి మనం చేసేది ఏమీ లేదని చేతులు కట్టుకుని కూర్చోవడానికి ఆ మాట బాగా పనికొస్తుంది.

ఎక్కడ తెగిందో ముందు చూడాలి

మీరు ఒక సైటు పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే ఆ కబురు చాలా చేతులు మారుతుంది. మీ కంప్యూటర్ నుంచి వైఫై ద్వారానో వైరు ద్వారానో ఇంట్లో ఉన్న రౌటర్‌కి వెళ్తుంది. రౌటర్ నుంచి ఫైబర్ డబ్బాకి (ఇప్పుడు చాలా ఇళ్లలో ఈ రెండూ ఒకే డబ్బా), అక్కడి నుంచి స్తంభాల మీది కేబుల్‌కి, కేబుల్ ఆపరేటర్‌కి, పెద్ద కంపెనీల లైన్లకి, ఆఖరికి హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఇంకో దేశంలోనో ఉన్న సర్వర్‌కి చేరుతుంది. జవాబు మళ్లీ అంత దూరమూ వెనక్కి రావాలి. ఈ దారిలో ఎక్కడ తెగినా మన తెర మీద కనిపించేది ఒక్కటే, పేజీ తెరుచుకోదు.

కాబట్టి నేను ఎక్కడికి వెళ్లినా ముందు స్క్రూడ్రైవర్ తీయను. మూడు ప్రశ్నలు అడుగుతాను. ఈ ఒక్క సిస్టమ్‌లోనేనా, పక్క సిస్టమ్‌లో కూడానా? ఈ ఒక్క సైటేనా, అన్ని సైట్లూనా? ఇదే సైటు ఫోన్లో, వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద తెరిస్తే వస్తోందా? మూడోది రూపాయి ఖర్చులేని పరీక్ష. ఫోన్లో వచ్చి కంప్యూటర్లో రాకపోతే సర్వర్ బాగానే ఉన్నట్టు, జబ్బు మన షాపులోనే ఉన్నట్టు. రెండిట్లోనూ రాకపోతే అప్పుడు సర్వర్‌ని అనుమానించాలి.

ఆ పిల్ల ఫోన్ తీసుకుని సైటు తెరిచాను. రెండు సెకన్లలో వచ్చేసింది. పెద్దాయన ముఖం చూడాలి అప్పుడు. మరి కంప్యూటర్లో ఎందుకు రావడం లేదు? “మీ కనెక్షన్ సురక్షితం కాదు” అని ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో ఎర్ర గుర్తు వస్తోంది. కుర్రాడు దాన్ని చదవకుండానే మూసేస్తున్నాడు. నేను తెర కింద కుడి మూల చూశాను. తేదీ 2012 జనవరి 1 అని ఉంది.

అసలు సంగతి అదీ. కంప్యూటర్ మదర్‌బోర్డు మీద నాణెమంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. సీఆర్2032 అంటారు, 3 వోల్టులు. సిస్టమ్‌కి కరెంటు పూర్తిగా పోయినప్పుడు గడియారాన్ని నడిపించేది అదే. అది అయిపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ ఎప్పుడో ఫ్యాక్టరీలో పెట్టిన పాత తేదీకి వెళ్లిపోతుంది. ఇప్పటి సైట్లన్నీ ఒక డిజిటల్ సర్టిఫికెట్ చూపిస్తాయి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని అందులో ఉంటుంది. మన కంప్యూటర్ 2012లో ఉన్నాననుకుంటే, ఈ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కదా అని సైటుని లోపలికి రానివ్వదు. తేదీ సరిచేసి, బ్రౌజర్ మూసి తెరిస్తే చాలు. అర నిమిషం పని.

తర్వాత విచారిస్తే తెలిసింది, మూడు రోజులూ ఒకే జబ్బు కాదు. మొదటి రోజు నిజంగానే అవతలి సర్వర్ మొరాయించింది. రెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. షాపులో యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, సిస్టమ్ పడిపోయి లేచేసరికి తేదీ మారిపోయింది. సర్వర్ ఆ సరికి బాగుపడింది, కానీ నిన్నటి పేరే ఈ రోజుకీ అతికించేశారు.

డబ్బా మీద లైట్లు

షాపులో గానీ ఇంట్లో గానీ అన్ని సిస్టమ్‌లూ, వైఫైలో ఉన్న ఫోన్లూ ఒకేసారి ఆగిపోతే అప్పుడు రౌటర్ దగ్గరికి వెళ్లాలి. ఫైబర్ డబ్బా మీద చిన్న అక్షరాలతో పేర్లు ఉంటాయి. పీఓఎన్ అని ఉన్న లైటు పచ్చగా నిలకడగా వెలుగుతుంటే కేబుల్‌లో వెలుతురు వస్తున్నట్టే. ఎల్‌ఓఎస్ అని ఉన్న లైటు ఎర్రగా కొట్టుకుంటుంటే వెలుతురు ఆగిపోయినట్టు, అంటే ఫైబర్ ఎక్కడో తెగింది లేదా మడతపడింది. ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉన్నప్పుడు రౌటర్‌ని పదిసార్లు ఆపి ఆన్ చేసినా లాభం లేదు. డబ్బా వెనక సన్న వైరు సోఫా కింద నలిగిందా, ఎలక కొరికిందా చూసుకుని, లేదంటే ఆపరేటర్‌కి ఫోన్ చేయడమే. ఫోన్లో “నెట్ రావట్లేదన్నా” అనకండి. “ఎల్‌ఓఎస్ ఎర్రగా ఉంది” అనండి. మనిషి తొందరగా వస్తాడు, ఎందుకంటే ఆ ఒక్క మాటతో తన దగ్గర ఏ పని ఉందో అతనికి తెలిసిపోతుంది.

మన ప్రాంతంలో ఈ ఎర్ర లైటు ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. కేబుల్ భూమిలో కాదు, గాలిలో ఉంటుంది. ఏపీ ఫైబర్‌నెట్ కూడా ఎక్కువ భాగం కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. త్వరగా, తక్కువ ఖర్చుతో ఊరూరికీ నెట్ చేరడానికి అదే దారి. కానీ గోగునారో గడ్డో ఎత్తుగా కట్టిన లారీ ఒకటి పోతే చాలు, వీధి మొత్తం చీకటి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లాలో స్తంభాలు పడిపోయి కరెంటు, సెల్ టవర్లు, కేబుల్ అన్నీ ఒకేసారి పోయాయి. అంతకు నాలుగేళ్ల ముందు 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చి విశాఖని, విజయనగరాన్ని అలాగే చేసింది. అక్టోబర్, నవంబర్‌లలో ఏదైనా ఆఖరి తేదీ ఉంటే ఆ రోజు దాకా ఆగవద్దని నేను అందరికీ చెప్పేది అందుకే.

లైట్లు బాగానే ఉండి నెట్ మాత్రం రాకపోతే రౌటర్‌ని ఆపండి. ఆపగానే ఆన్ చేయకండి. అర నిమిషం ఆగండి, లోపల మిగిలిన కరెంటు పోవాలి. ఆన్ చేశాక రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. సగం కేసులు ఇక్కడే బాగవుతాయి. రౌటర్ కూడా చిన్న కంప్యూటరే, నెలల తరబడి ఆపకుండా నడిపితే దానికీ మతి తప్పుతుంది. ఇక్కడొక జాగ్రత్త. వెనకవైపు పిన్నుతో నొక్కే చిన్న రంధ్రం ఉంటుంది, అది రీసెట్. దాన్ని నొక్కి పట్టుకుంటే ఆపరేటర్ పెట్టిన సెట్టింగులన్నీ పోతాయి. పిల్లలు యూట్యూబ్ చూసి అదే చేస్తుంటారు.

అయినా రాకపోతే కంప్యూటర్‌నే అడగవచ్చు. విండోస్‌లో స్టార్ట్ దగ్గర సీఎండీ అని ఇంగ్లీషు అక్షరాలతో కొడితే నల్ల తెర వస్తుంది. అందులో ఐపీకాన్ఫిగ్ అని ఒకే మాటగా కొట్టి ఎంటర్ నొక్కండి. ఐపీ అడ్రస్ 192.168తో మొదలైతే సాధారణంగా రౌటర్ మీ సిస్టమ్‌ని గుర్తించినట్టే. 169.254తో మొదలైతే రౌటర్ నుంచి అడ్రస్ రాలేదు, సిస్టమ్ తనకి తానే ఒక పేరు పెట్టుకుందన్నమాట. అంటే తెగింది సిస్టమ్‌కీ రౌటర్‌కీ మధ్యే. వైరు, వైఫై పాస్‌వర్డ్ చూసుకోవాలి.

అడ్రస్ బాగుంటే పింగ్ అనే ఆజ్ఞ వాడాలి. పిలిస్తే పలుకుతుందా అని చూడడమే అది. పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, ఐపీకాన్ఫిగ్‌లో ‘డిఫాల్ట్ గేట్‌వే’ అని చూపించిన అంకెలు కొట్టండి. పలికితే రౌటర్ వరకు దారి ఉంది. తర్వాత పింగ్ 8.8.8.8 కొట్టండి. అది గూగుల్ నడిపే అడ్రస్. అది కూడా పలికితే ఇంటర్నెట్ వరకు దారి ఉంది. అప్పటికీ సైట్ల పేర్లు తెరుచుకోకపోతే జబ్బు డీఎన్ఎస్‌ది.

డీఎన్ఎస్ అంటే ఫోన్లో కాంటాక్ట్ లిస్టు లాంటిది. మనకి పేర్లు గుర్తుంటాయి, కంప్యూటర్లకి నంబర్లు కావాలి. ఆ లిస్టు పాడైతే ఫోన్ బాగానే ఉన్నా ఎవరికీ కాల్ చేయలేం, నంబర్ గుర్తుంటే తప్ప. నెట్‌వర్క్ సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెడితే చాలాసార్లు సరిపోతుంది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: కొన్ని సర్వర్లు భద్రత కోసం పింగ్‌కి కావాలనే జవాబివ్వవు. కాబట్టి ఒక సైటు పింగ్‌కి పలకలేదని అది చచ్చిపోయినట్టు కాదు.

వైఫై బలహీనంగా ఉందంటే రౌటర్ ఎక్కడ పెట్టారో చూడండి. ఇనుప బీరువా పక్కన, టీవీ వెనక పెట్టి లోపలి గదిలో నెట్ రావట్లేదంటారు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగమే గానీ గోడలు దాటలేదు, 2.4 నెమ్మదే గానీ దూరం పోతుంది. కరెంటు కోతలున్న ఊళ్లలో రౌటర్ కోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి. కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు రాసి ఉందో చూసుకోవాలి, ఎక్కువ వాటికి 12 ఉంటుంది.

ఇంకో ఫిర్యాదు నాకు తరచుగా వస్తుంది. “దుబాయ్‌లో ఉన్న మా అబ్బాయికి వాట్సాప్ కాల్ కలవట్లేదు, మెసేజ్‌లు మాత్రం వెళ్తున్నాయి, రౌటర్ మార్చాలా?” మార్చొద్దు. యూఏఈలో వాట్సాప్ కాల్స్ మీద అక్కడి ప్రభుత్వ నియంత్రణ ఉంది. మీ డబ్బాలో లోపం లేదు. అక్కడ అనుమతి ఉన్న యాప్‌లు ఏవో అబ్బాయినే అడగండి.

నిజంగా సర్వరే మొరాయిస్తే

అప్పుడు తెర మీద ఒక నంబర్ కనిపిస్తుంది. మనవాళ్లు ఆ నంబర్‌ని చూడరు, చూడాల్సింది అదే. 4తో మొదలైతే మనం అడిగిన దాంట్లో తేడా ఉంది. 404 అంటే ఆ పేజీ అక్కడ లేదు, అడ్రస్ తప్పు లేదా పాత లింకు. 403 అంటే చూడడానికి అనుమతి లేదు. 5తో మొదలైతే తప్పు అవతలి వైపుది. 500 అంటే సర్వర్ లోపల ప్రోగ్రాం తడబడింది. 503 అంటే ప్రస్తుతం సేవ అందించే స్థితిలో లేదు, రద్దీ వల్ల గానీ మరమ్మతుల వల్ల గానీ. 502, 504 అంటే ముందు నిలబడిన సర్వర్ బాగానే ఉంది, దాని వెనక ఉన్నది జవాబివ్వలేదు లేదా ఆలస్యం చేసింది. 5 చూస్తే మీ సిస్టమ్‌ని కెలకాల్సిన పని లేదు.

ఆఖరి రోజు సర్వర్ ఎందుకు కూలుతుంది? రేషన్ షాపు అనుకోండి. నలుగురు పనివాళ్లు ఉన్నారు, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పడుతుంది. నెలంతా నడిచిపోతుంది. ఆఖరి రోజు వెయ్యి మంది ఒకేసారి వస్తే? సర్వర్‌లో కూడా ఒకేసారి ఇంతమందికే జవాబివ్వగల పనివాళ్లు, డేటాబేస్‌కి ఇన్నే దారులు అని లెక్క ఉంటుంది. మిగతావాళ్లు వరుసలో ఆగుతారు, వరుస నిండాక వచ్చినవాళ్లని వెనక్కి పంపుతుంది. మన కుర్రాళ్లు ఏం చేస్తారంటే రిఫ్రెష్ బటన్ మీద వేలు తీయరు. నొక్కిన ప్రతిసారీ వరుసలో ఇంకో మనిషి చేరుతాడు. పాత అడుగుడు చాలాసార్లు లోపల ఇంకా నడుస్తూనే ఉంటుంది, కొత్తది దాని వెనక నిలబడుతుంది. వేయి షాపుల్లో వేయి మంది ఇలా నొక్కితే రద్దీని పెంచుతున్నది మనమే. పదిహేను ఇరవై నిమిషాలు వదిలేసి మళ్లీ ప్రయత్నించడం, లేదా తెల్లవారుజామున కూర్చోవడం మేలు. ఫజర్ నమాజు తర్వాత కూర్చుంటే పది నిమిషాల్లో అయిపోయిందని చెప్పినవాళ్లు నాకు చాలామందే ఉన్నారు.

సర్వర్ మీద నెట్టేసే ఇంకొన్ని తప్పులు ఫారంలోనే ఉంటాయి. ఫొటో 50 కేబీ దాటకూడదని రాసి ఉంటే ఫోన్లో తీసిన 4 ఎంబీ ఫొటో ఎక్కిస్తారు. రసీదు కొత్త కిటికీలో రావాలి, బ్రౌజర్ దాన్ని పాప్‌అప్ అని ఆపేస్తుంది. అడ్రస్ పట్టీ చివర చిన్న గుర్తు వస్తుంది, దాన్ని నొక్కి అనుమతిస్తే సరి. ఆ పిల్ల ఫారంలో ఇంకోటి తగిలింది. ఆధార్‌లో జిల్లా శ్రీకాకుళం అని ఉంది. రాజాం, వంగర 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లాలో ఉన్నాయి. ఫారంలో శ్రీకాకుళం ఎంచుకుంటే మండలాల జాబితాలో వంగర కనిపించదు. కుర్రాడు దానికీ “సర్వర్ లోడ్ అవ్వట్లేదు” అన్నాడు. విజయనగరం ఎంచుకోగానే వంగర వచ్చింది.

డబ్బు పోయింది, రసీదు రాలేదు

ఫీజు దగ్గరికి వచ్చాం. పెద్దాయన ఖాతా నుంచి డబ్బు పోయిందని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. తెర మీద మాత్రం చక్రం తిరిగి తిరిగి 504 అని ఆగిపోయింది. “డబ్బులు పోయినాయేటి బాబూ?” అని ఆయన గొంతు వణికింది. కుర్రాడు మళ్లీ కట్టేద్దామంటూ మౌస్ పట్టుకున్నాడు. ఆపాను.

ఇలాంటప్పుడు వెంటనే రెండోసారి కట్టకూడదు. డబ్బు బ్యాంకు నుంచి బయల్దేరింది, “వచ్చింది” అన్న కబురు సైటుకి చేరలేదు, అంతే. ముందు మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబర్ రాసుకోండి, తెర ఫొటో తీసుకోండి. తర్వాత సైటులో మళ్లీ లాగిన్ అయి ‘పేమెంట్ స్టేటస్’ చూడండి. మేం నలభై నిమిషాలు ఆగాం. చాయ్ తెప్పించాం. మళ్లీ చూస్తే చెల్లింపు అయినట్టు వచ్చింది, దరఖాస్తు ప్రింటు తీసి పిల్ల చేతిలో పెట్టాం.

రాకపోయి ఉంటే? దానికీ నిబంధన ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్ 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఖాతాలో డబ్బు కోతపడి, వ్యాపారి లేదా సైటు వైపు నిర్ధారణ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా ఆ సొమ్ము దానంతట అదే వెనక్కి రావాలి. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కోతపడినా అదే 5 రోజులు. యూపీఐలో ఒక మనిషికి పంపిన డబ్బు చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. మీరు అడగకపోయినా ఇవ్వాలన్నదే నిబంధన. వెనక్కి రాకపోతే బ్యాంకులో నోటిమాటగా చెప్పి ఊరుకోకండి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నంబర్ తీసుకోండి. ఆ నంబర్‌ని గూగుల్‌లో దొరికిన ‘కస్టమర్ కేర్’లకి మాత్రం చెప్పకండి. అలా దొరికే ఫోన్ నంబర్లలో మోసగాళ్లవే చాలా ఉంటాయి. “మీ సిస్టమ్‌లో చేరి చూస్తాం, ఎనీడెస్క్ వేసుకోండి” అన్నారంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. మీ తెర వాళ్ల చేతికి ఇవ్వడమే అది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఒక్కోసారి ప్రపంచమంతా

పెద్దవాళ్ల సర్వర్లూ పడతాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. ఆ ఫైలు 78 నిమిషాలే బయట ఉంది, ఆ లోపే అంత జరిగింది. మన విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. మందు ఏమిటంటే సేఫ్ మోడ్‌లో తెరిచి ఆ ఒక్క ఫైలు తీసేయడం, అదీ ఒక్కో కంప్యూటర్ దగ్గరికి మనిషి వెళ్లి. ఎంత పెద్ద కంపెనీ అయినా ఆఖరికి స్క్రూడ్రైవర్ మనిషి రావాల్సిందే అని మా వాళ్లం ఆ రోజు నవ్వుకున్నాం.

నవ్వలేని సంగతి 2017 మే 12న జరిగింది. వానాక్రై అనే వైరస్ ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితే తీస్తానంది. 150 దేశాలకి పాకింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయి, ఆ జిల్లాల్లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నంతో పాటు శ్రీకాకుళం కూడా ఉంది. రాజాం అప్పుడు ఆ జిల్లాలోదే. బాధ ఏమిటంటే ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ దాదాపు రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చేసింది. వేసుకున్నవాళ్లు బతికారు. విండోస్ 7కి మద్దతు 2020 జనవరి 14తో, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇప్పటికీ షాపుల్లో విండోస్ 7 మీద జనం ఆధార్ కాపీలు పెట్టుకుని నడుపుతున్నారు.

‘ఫార్మాట్ చేసేద్దాం’ అంటే

సిస్టమ్ స్లో అయింది, ఆన్ అవ్వట్లేదు అనగానే మెకానిక్‌ల నోట మొదట వచ్చే మాట ఇది. దయచేసి అక్కడ ఆపండి. పెళ్లి ఫొటోలు, షాపు లెక్కలు, పదేళ్ల ఫైళ్లు ఒక్క నొక్కుడుతో పోయిన ఇళ్లు నాకు తెలుసు. ఏడ్చినా రావు. ముందు కాపీ, తర్వాతే ఫార్మాట్.

ఆన్ అవ్వకుండా బీప్ బీప్‌మంటే చాలాసార్లు ర్యామ్ కదిలి ఉంటుంది. మన వైపు సముద్రపు గాలి తేమకి దాని బంగారు రంగు కాళ్లు మసకబారతాయి. కరెంటు తీసేసి, ర్యామ్ బయటికి తీసి, పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెడితే లేస్తుంది. అసలు ఏ చప్పుడూ లేకపోతే ముందు ప్లగ్గు, స్విచ్ బోర్డు, పవర్ కేబుల్ మార్చి చూడండి. స్లోగా ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. డిస్క్ దగ్గర ఎప్పుడూ నూరు శాతం కనిపిస్తే పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించడం మంచిది, సిస్టమ్ కొత్తగా కొన్నట్టు పరిగెడుతుంది. హార్డ్‌డిస్క్ టక్ టక్‌మని శబ్దం చేస్తే మాత్రం వెంటనే ఆపేయండి. ఇంకోసారి ఆన్ చేసి చూద్దామనుకోకండి, ఆ ఒక్కసారికే మిగిలింది కూడా పోవచ్చు. పొరపాటున ఫైళ్లు చెరిపేసినా అంతే, దాని మీద కొత్తవేవీ రాయకుండా ఆపితే పాత హార్డ్‌డిస్క్‌లో తిరిగి దొరికే అవకాశం ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ఆ అవకాశం తక్కువ.

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంకో తంటా ఉంది. మదర్‌బోర్డు మార్చినా, సెట్టింగులు కెలికినా బిట్‌లాకర్ అంటూ 48 అంకెల కీ అడుగుతుంది. అది ఎక్కువగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనే దాచి ఉంటుంది. రిపేరుకి ఇచ్చే ముందే చూసి రాసిపెట్టుకోండి, ఆ ఖాతా ఈమెయిల్ షాపువాడిది కాకుండా మీదే అని కూడా చూసుకోండి.

అక్షరాలు పిచ్చిగీతలైతే

ఉర్దూ, తెలుగు రెండూ వాడే మన ఇళ్లలో ఇది పెళ్లిళ్ల సీజన్‌లో వస్తుంది. రుఖా ఉర్దూలో ఇన్‌పేజ్‌లో కడతారు, తెలుగు భాగం అను ఫాంట్లలో. ఆ ఫైలు వేరే సిస్టమ్‌లో తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులు, ఉర్దూ అసలు తెరుచుకోదు. వైరస్ అని భయపడతారు. వైరస్ కాదు. పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలోనే తెలుగు బొమ్మలు పెట్టారు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌కి అవి ఇంగ్లీషు అక్షరాలుగానే కనిపిస్తాయి. ప్రింటుకి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపితే ఫాంట్లు కూడా అందులోనే వెళ్తాయి. దాచుకోవాల్సిన రాతలైతే యూనికోడ్‌లో టైపు చేయించండి, ఏ ఫోన్లో తెరిచినా చదవవచ్చు.

ఆ నెట్ సెంటర్ కుర్రాడికి బ్యాటరీ మార్చుకోమని చెప్పి వచ్చాను. వాచీల షాపులో కూడా దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు. మొన్న వెళ్లి చూస్తే ఇంకా మార్చలేదు. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే తేదీ చేత్తో సరిచేసుకుంటున్నాడట.